చెవికందని చెయ్యి

తిరువళ్ళూరులో ఆ కాలాన పిల్లకు అయిదేళ్ళు నిండాయో లేదో తేల్చేది కాగితం కాదు, చెవి. బడి తెరిచే రోజున పెద్దయ్యవారు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. పిల్ల కుడిచెయ్యి ఎత్తి, నడినెత్తి మీదుగా పోనిచ్చి, ఎడమ చెవిని తాకాలి. తాకితే ఒకటో క్లాసు. తాకకపోతే ఇంటికి పోయి, చెయ్యి పెరిగాక మళ్ళీ రావాలి. ఎవరూ దీన్ని వింత అనుకునేవారు కారు. వాన ఆలస్యమైతే ఆకాశం వైపు చూసినట్టే, పిల్లల చేతుల వైపు చూస్తూ కూర్చునేవారు.

వరదమ్మ మాత్రం అట్లా కూర్చునే మనిషి కాదు. పాలు పొయ్యి మీద పెట్టకముందే విరిగిపోతాయేమోనని దిగులు పడేది. మొగుడు దేవరాజులు రైసుమిల్లు నుంచి కాస్త ఆలస్యంగా వస్తే చాలు, బాయిలరు పేలిపోయినట్టూ, తాను మిల్లు గేటు ముందు జుట్టు విరబోసుకుని నిలబడినట్టూ, అత్త మునెమ్మ తనను పట్టుకుని సొమ్మసిల్లినట్టూ మనసులో కడదాకా చూసేసేది. ఆయన సైకిలు గంట కొట్టుకుంటూ వచ్చి "కాఫీ ఉండాదా మే?" అంటే, ప్రాణం లేచి వచ్చిన మాట నిజమే గానీ, అంతసేపు ఏడ్చినదంతా దండగైనట్టు కొంచెం కోపం కూడా వచ్చేది.

అట్లాంటి వరదమ్మ ఎండాకాలం సెలవుల్లో ఒకనాడు వంటింట్లో కూతురు అలమేలును నిలబెట్టి, చెయ్యి ఎత్తించి చూసింది. చెయ్యి నెత్తి మీదుగా పోయింది. అటు పక్కకు దిగింది. చెవి దగ్గర ఆగింది. వేలి కొసకూ చెవికీ నడుమ చింతగింజ పట్టేంత సందు మిగిలింది.

"అయ్యో, నా బిడ్డ బతుకు!" అంది వరదమ్మ, గరిటె కింద పెట్టేసి.

మునెమ్మ తమలపాకు నములుతూ తొంగి చూసింది. "ఏందిమే అరుస్తావు? బడి తెరిచేదానికి ఇంకా నెల ఉండాది గదా. అప్పటికి చెయ్యి పెరగదా?"

"తల కూడా పెరుగుతాది గదత్తా!"

మునెమ్మ నమలడం ఆపింది. ఆమె ఏడుగురిని కన్నది, అందరూ పెరిగారు, కానీ తల ఎంత పెరిగింది, చెయ్యి ఎంత పెరిగిందని ఏనాడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించేసరికి ఆమెకూ గుబులు పుట్టింది.

ఇక వరదమ్మ ఆపలేదు. ఈ ఏడు బడిలో చేరకపోతే వచ్చే ఏటికి వయసు మీరిపోతుంది. వయసు మీరిన పిల్లను చూసి చిన్నపిల్లలు నవ్వుతారు. నవ్వితే బడి మానేస్తుంది. మానేస్తే మిల్లులో ఊక ఊడ్చే పనికి పోతుంది. ఊకలో నిప్పురవ్వ పడుతుంది. ఇదంతా చింతగింజంత సందులోంచి వచ్చింది. తాను పళ్ళిపట్టు పక్క పల్లెలో అయిదో క్లాసుతో ఆగిపోయింది. తన బిడ్డ ఒకటో క్లాసు గడప దగ్గరే ఆగిపోతే ఆమె చూస్తూ ఊరుకోలేదు.

పొద్దున నువ్వులనూనెతో చెయ్యి నీవడం మొదలయింది. భుజం దగ్గర పట్టుకుని వేళ్ళ దాకా, పాలు పితికినట్టు. ఆ తర్వాత దూలానికి కట్టిన ఉయ్యాల గొలుసు పట్టుకుని వేలాడటం. ఆదివారం మేకకాళ్ళ చారు. దాని మీద మునెమ్మ ఒక మాట అంది: "కాళ్ళ చారు తాగితే కాళ్ళు బలిసేది. చెయ్యి ఎట్ల పెరుగుతాది మే?" వరదమ్మ వెంటనే దేవరాజులును మళ్ళీ కసాయి కొట్టుకు తరిమింది.

"ముందరి కాళ్ళు అడుగు. అవే గదా మేకకు చేతులు."

"నేనడగలేను మే. నవ్వుతాడు వాడు."

"నవ్వనీ. బిడ్డ చదువు కన్నా ఎక్కువా నీ పరువు?"

దేవరాజులు ముందరి కాళ్ళే తెచ్చాడు. కసాయి నవ్వలేదట, "ఒకటో క్లాసా అన్నా?" అని మాత్రం అడిగాడట.

ఇంటికి వచ్చినవాళ్ళందరి ముందూ అలమేలు చెయ్యి ఎత్తాల్సిందే. పాలవాడు చూశాడు, పోస్టుమాను చూశాడు, ఉప్పు అమ్మేవాడు బండి ఆపి చూశాడు. చూసిన ప్రతివాడూ తన చెయ్యి కూడా ఎత్తి చెవి తాకి చూసుకుని, అందినందుకు సంతోషపడి పోయేవాడు. పక్కింటి గోవిందమ్మ తన మనవడు జయరామను పిలిచి, "ఏదీ, నువ్వు చూపించురా" అంది. వాడికి ఇంకా నాలుగే. చెయ్యి ఇట్టే పోయి చెవి పట్టుకోవడమే గాక, చెవిని మెలిపెట్టి వదిలింది. వరదమ్మ వాడి చెవులను ఎగాదిగా చూసింది.

"మీ వాడి చెవులు పైకుండాయి లేక్కా. అందుకే అందింది" అంది.

"చెవులు అందరికీ ఉండే చోటే ఉండాయి మే!"

ఆ మాట మీద ఇద్దరూ రెండు రోజులు మాట్లాడుకోలేదు.

ఒంట్లో ఏ భాగానికి జబ్బు చేస్తే ఆ భాగాన్ని వెండిరేకులో అచ్చు వేయించి వీరరాఘవస్వామి హుండీలో వేయడం ఆ ఊరి మొక్కు. గుడి ముందు అంగడిలో కళ్ళు, చెవులు, చేతులు, కాళ్ళు గుట్టలుగా పోసి ఉంటాయి. వరదమ్మ చేతుల గుట్ట అంతా కలబెట్టి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసింది.

"ఇంకొంచెం పొడుగుది లేదాన్నా?"

"అన్నీ ఒకే అచ్చమ్మా."

"అచ్చు కొంచెం సాగదియ్యకూడదా?"

అంగడివాడు కాళ్ళ గుట్ట వైపు చెయ్యి చూపి, "పొడుగే కావాలంటే కాలు తీస్కపో తాయీ" అన్నాడు. స్వామి కాలుకు కాలే ఇస్తే ఏం గతి అని భయపడి, వరదమ్మ చెయ్యే కొని వేసి వచ్చింది.

ఇంత జరిగాక ఒక పొద్దున అలమేలు ఎడమచేత్తో ఇడ్లీ తింటూ కనిపించింది. కుడిచెయ్యి గౌను లోపలికి పోయి ఉంది. గౌను చెయ్యి ఖాళీగా వేలాడుతోంది.

"కుడిచెయ్యి యాడ పాపా?"

"నిద్రపోతా ఉండాది."

"లేపు. తినే చెయ్యి గదా అది."

"లేపితే కొలుస్తావు" అంది అలమేలు. "దానికి నువ్వంటే భయం మా."

పగలంతా చెయ్యి బయటికి రాలేదు. మర్నాడూ రాలేదు. వరదమ్మకు వేరే ఆలోచనే లేదు, పోలియో. పిల్లను చంకన వేసుకుని, ఏడుస్తూ, రైల్వే స్టేషను దారిలో ఉన్న డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. డాక్టరు సొరుగులోంచి బిస్కత్తు తీసి చూపించాడు. గౌను లోంచి కుడిచెయ్యి బయటికి వచ్చి, బిస్కత్తు తీసుకుని, మళ్ళీ లోపలికి పోయింది.

"చెయ్యి బాగానే ఉంది" అన్నాడు డాక్టరు. "మీరే దాన్ని చూసి చూసి బెదరగొట్టారు. కొన్నాళ్ళు ఇంట్లో ఎవరూ ఆ చెయ్యి వైపు చూడొద్దు. దాని మాటే ఎత్తొద్దు."

డాక్టరు మాట అంటే వరదమ్మకు శాసనం. ఇంట్లో కుడిచెయ్యిని చూడటం బందయింది. మునెమ్మ అన్నం వడ్డించేటప్పుడు గోడ వైపు తిరిగి వడ్డించేది, సాంబారు సగం చాప తాగింది. దేవరాజులు తలతిప్పుకుని నడిచి స్తంభానికి కొట్టుకున్నాడు. వరదమ్మ కళ్ళు మూసుకుని పిల్లకు గౌను తొడిగితే, గుండీలు ముందుకు వచ్చాయి. పాలవాడికి కూడా చెప్పి పెట్టింది: "పాపను ఎడమ పక్కనుంచే చూడన్నా. డాక్టరు చెప్పినాడు." పాలవాడు కారణం అడగలేదు. ఆ వీధిలో ఎవరి డాక్టరు ఏం చెప్పినా చెప్పి ఉండవచ్చు.

కానీ వరదమ్మ ప్రాణం ఊరుకోదు గదా. గోడకున్న అద్దంలోంచి చూస్తే చూసినట్టు కాదని తనకు తానే తీర్పు చెప్పుకుని, జడ వేసుకుంటున్నట్టు నటిస్తూ అద్దంలో చూసింది. అద్దంలో అలమేలు కళ్ళు ఆమె కళ్ళనే చూస్తున్నాయి.

"అమ్మా, అద్దంలో చూస్తా ఉండావు."

చెయ్యి ఇంకా లోపలికి పోయింది.

బడి తెరిచే రోజు దగ్గర పడింది. చెయ్యిని సాగదీయకూడదు, చూడనూ కూడదు. ఇక వరదమ్మ చేతుల్లో మిగిలింది తల. ఆమె రెండు పూటలు దాని గురించే ఆలోచించి, దేవరాజులు కంచం ముందు కూర్చోగానే చెప్పింది.

"తిరుత్తణికి పోయి పాపకు గుండు కొట్టిద్దామయ్యా. దాని జుట్టు దుప్పటంత మందం. అది పోతే తల తగ్గుతాది. చెయ్యి అందుతాది."

"జుట్టు ఎంత మందం ఉంటాది మే?"

"చింతగింజంత."

దేవరాజులుకు నవ్వు రావలసింది, రాలేదు. నెల రోజులుగా ఆ ఇంట్లో ఉండి ఉండి, ఆయనకూ లెక్క సరిగ్గానే కనిపించింది.

మర్నాడు ముగ్గురూ పాసింజరు ఎక్కారు. తిరుత్తణి కొండ మీద తలనీలాలు తీసే చోట వరదమ్మ గుండె నిబ్బరపడింది. తనలాంటి తల్లులు వరస కట్టి ఉన్నారు. గుండు అయిన పిల్లలందరూ చందనం పూసుకున్న తలల మీదుగా చేతులు పోనిచ్చి చెవులు వెతుక్కుంటున్నారు. ఒక పిల్లవాడికి అందగానే వాళ్ళమ్మ అక్కడికక్కడే కర్పూరం వెలిగించింది.

మంగలి చెంగయ్య కత్తి నూరుతూ, తల ఎత్తకుండానే అడిగాడు: "ఎన్నో క్లాసు తాయీ?"

"ఒకటోదన్నా. కొంచెం లోతుగా గొరుగు. అదే కావాల."

"అందురూ అదే చెప్తారు. నా కత్తి వెంట్రుక దాకానే తాయీ. ఎముక సంగతి స్వామి చూసుకోవాల."

అలమేలు పీట మీద కూర్చుంది. చెంగయ్య తల మీద నీళ్ళు చల్లబోయేసరికి, ఎడమచేత్తో తల గట్టిగా పట్టుకుంది.

"ముందు అమ్మ చేయించుకోవాల."

వరదమ్మ నవ్వింది. అలమేలు నవ్వలేదు.

"అమ్మకు బడి లేదు గదా పాపా" అన్నాడు దేవరాజులు. "కావాలంటే నేను చేయించుకుంటా."

"నీ తల మీద యాడుండాది?" అంది అలమేలు. ఆ మాట నిజమే. చెంగయ్య కూడా చూసి, ఇందులో తనకు పని లేదన్నట్టు తల తిప్పుకున్నాడు.

"మూడు కత్తెర్లు ఇస్తాలే పాపా" అంది వరదమ్మ, జడ కొస చూపించి. "ఆడవాళ్ళకు అది చాలు, స్వామి ఒప్పుకుంటాడు."

"స్వామి ఒప్పుకుంటాడు. నేనొప్పుకోను."

వరదమ్మ జడను రెండు చేతులా పట్టుకుంది. ముత్తయిదువ తల బోడి అయితే ఏమవుతుందో ఆమె మనసు అప్పుడే మొదలుపెట్టి, మిల్లు గేటు దాకా పోయి, బాయిలరు పేల్చేసింది. పక్కన దేవరాజులు బతికే ఉన్నాడు, వేరుశనక్కాయలు తింటున్నాడు. అయినా కళ్ళ నీళ్ళు వచ్చేశాయి.

అలమేలు తల వంచి ఆమె ముఖంలోకి చూసింది. "భయమా మా?"

ఈ ప్రశ్న వరదమ్మను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఊరుకో అన్నారు, అరవద్దు అన్నారు, పిచ్చిదానా అన్నారు. భయమా అని అడిగినవాళ్ళు లేరు.

"భయమే పాపా" అంది.

"సరే. నేను చూడను లే." అలమేలు కళ్ళు మూసుకుంది. అంతటితో ఆగక, గొంతు ఎత్తి అందరికీ చెప్పింది: "మా అమ్మ తలను ఎవురూ చూడొద్దండి! దానికి భయం!"

వరసలో ఉన్న తల్లులు ఒకరినొకరు చూసుకుని, గోడ వైపు తిరిగారు. పిల్లలు తిరిగారు. దేవరాజులు శనక్కాయల పొట్లంతో సహా తిరిగాడు. పక్క మంగళ్ళు సగం గొరిగిన తలలను వదిలి తిరిగారు. చెంగయ్య కత్తి గాలిలో పట్టుకుని, కళ్ళు చికిలించి, బతిమాలుతున్నట్టు అన్నాడు: "నేనన్నా కొంచెం చూడాల గదా పాపా?"

"నువ్వు కొంచెం చూడు" అంది అలమేలు.

అట్లా వరదమ్మ తలనీలాలు స్వామికి పోయాయి. తర్వాత అలమేలు పీట మీద బుద్ధిగా కూర్చుని తల వంచింది. ఇంటికి వచ్చేటప్పుడు రైల్లో తల్లీ కూతుళ్ళిద్దరూ కిటికీ దగ్గర కూర్చుని, గాలి చల్లగా తగులుతుంటే ఒకరి గుండు ఒకరు నిమురుకున్నారు. అలమేలు నిమిరింది మాత్రం ఎడమచేత్తోనే. కుడిది నిద్రలేవలేదు. చెయ్యి కోసం తల తగ్గించి తెచ్చుకుంటే, ఇప్పుడు తల ఉంది, చెయ్యి లేదు.

బడి తెరిచిన రోజు వరండాలో పెద్దయ్యవారు శివరామయ్య కూర్చుని ఉన్నాడు. ఆయనది పొదటూరుపేట, బడిలో అరవం చెప్పినా ఇంట్లో తెలుగే. ముందున్నవాళ్ళంతా అయ్యారు. గోవిందమ్మ మనవడు జయరామ రెండు చెవులూ పట్టుకుని చూపించి, ఇంకా పట్టుకునే నిలబడ్డాడు.

"చెయ్యెత్తు పాపా" అన్నాడు శివరామయ్య.

వరండాలో ఉన్న పెద్దవాళ్ళందరి కళ్ళూ అలమేలు గౌను మీద పడ్డాయి. గౌను లోపల చెయ్యి ముడుచుకుపోవడం బయటికే తెలిసింది.

"చూడకండి సార్!" అని అరిచింది వరదమ్మ.

"చూడకుండా ఎట్ల చేర్చుకునేదమ్మా?"

"డాక్టరు చెప్పినాడు సార్. చూస్తే అది రాదు."

శివరామయ్య ఇరవై ఏళ్ళుగా చెవులు చూసినవాడు. ఒంటి చెవి పిల్లను చేర్చుకున్నాడు, నిద్రపోతున్న పిల్లను చేర్చుకున్నాడు. అందుకని ఆయన వాదన పెట్టుకోకుండా కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. "సరే. అందినాక చెప్పండి" అన్నాడు గోడతో.

అలమేలు కదల్లేదు.

"ముందు అమ్మ తాకాల" అంది.

ఇదేం పెద్ద పని? వరదమ్మ పిల్ల ఎదుట గొంతుక్కూర్చుని, తల మీది కొంగు తీసి, కుడిచెయ్యి ఎత్తింది. చెయ్యి నున్నటి నడినెత్తి దాకా పోయింది. అక్కడ ఆగిపోయింది. వెనక అందరూ చూస్తున్నారని తెలుస్తోంది. అందకపోతే? తన అయిదో క్లాసు కొట్టేస్తారా? మొత్తం కొట్టేసి, ఒకటో క్లాసు నుంచి మళ్ళీ రమ్మంటారా? చెయ్యి ముందుకూ పోదు, వెనక్కూ రాదు. నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, అందరి మధ్య, ఆమె అట్లాగే ఉండిపోయింది. చెంపల మీదికి నీళ్ళు కారాయి.

"ఏమైందమ్మా? అందిందా?" అన్నాడు శివరామయ్య గోడ వైపు నుంచి.

"వాళ్ళమ్మకు అందలేదు సార్" అంది గోవిందమ్మ.

అలమేలు తల్లిని చూసింది. దగ్గరికి వచ్చి, ఆమె పక్కన నిలబడి, పెద్దవాళ్ళు చిన్నపిల్లలతో మాట్లాడే గొంతుతో చెప్పింది: "పరవాలేదు మా. నిదానంగా రానీ. నేను కొలవను." కళ్ళు మూసుకుంది. గౌను లోపల కదలిక. గౌను చెయ్యి నిండింది. కుడిచెయ్యి బయటికి వచ్చి, తల్లి నెత్తి మీద ఆగిపోయిన చెయ్యిని పట్టుకుని, దాన్ని దాటుకుని అవతలికి దిగి, వరదమ్మ ఎడమ చెవిని మెల్లగా పట్టుకుంది.

"ఇదో. ఇక్కడుండాది చూడు నీ చెవి."

శివరామయ్య ఆ మాటకు ఆగలేక వెనక్కి తిరిగాడు. చూశాడు. "అందింది" అన్నాడు.

"అది వాళ్ళమ్మ చెవి సార్!" అంది గోవిందమ్మ.

శివరామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "రూల్లో నెత్తి మీద నుంచి ఎడమ చెవి తాకాలనుండాది. ఎవురి నెత్తి, ఎవురి చెవి అనేది లేదు. అయినా పెద్ద తల మీద నుంచి పోయిన చెయ్యి, దానికి చిన్న తల ఒక లెక్కా?" వరండాలో అందరూ తలలు ఊపారు. జయరామ తన చెవులు వదిలేసి, వాళ్ళ అవ్వ చెవి కోసం ఎగబడ్డాడు.

"పోమ్మా, లోపలికి పో. ఆ మూల చాప మీద కూర్చో" అన్నాడు శివరామయ్య.

అలమేలు చెవి వదిలి లోపలికి కదిలింది. వరదమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. కూతురు ఒకటో క్లాసు. ఈ మాట ఇంకా మనసులో కుదురుకోనే లేదు, అప్పుడే ఇంకొకటి నాలుక మీదికి వచ్చేసింది. రెండో క్లాసుకు ఏది తాకాలో? మోకాలా? వీపా? వీపైతే ఇప్పటినుంచే మొదలుపెట్టాలి. "సార్..." అని నోరు తెరిచింది.

గడప దగ్గర అలమేలు ఆగి వెనక్కి చూసింది. వరదమ్మ ముఖంలోకే చూస్తోంది. కుడిచెయ్యి మెల్లగా గౌను అంచు దగ్గరికి పోతోంది, లోపలికి దూరాలా వద్దా అన్నట్టు.

వరదమ్మ నోరు మూసుకుంది.

"ఏం మా? మళ్ళీ భయమా?"

లేదని చెబుదామనుకుంది. కానీ ఈ పిల్ల అద్దంలోంచి కూడా చూడగలదు.

"ఉండాది పాపా" అంది. "అది నాది. నేను ఇంటికెత్తుకపోతా. నువ్వు లోపలికి పో."

అలమేలు సరేనన్నట్టు తల ఊపింది. కుడిచేత్తో తలుపు రెక్క పట్టుకుని గడప దాటింది.

వరదమ్మ గుండు మీద కొంగు కప్పుకుని గేటు వైపు నడిచింది. లోపల పిల్లలు అరవ అక్షరాలు గట్టిగా అరుస్తున్నారు. గేటు బయట సైకిలు పట్టుకుని నిలబడ్డ దేవరాజులు, "ఏమైంది మే? అందిందా?" అని అడిగాడు. ఆమె సైకిలు వెనక ఎక్కి కూర్చుని, "చక్రంలో కొంగు పడతాదేమో, నిదానంగా పోనీ" అంది.